మెతుకు పట్టి చూసే పని: ఓఎల్ఆర్ లెక్కలు మొదలుపెట్టిన మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. రోహిణి కార్తె కదా, విశాఖలో రోళ్ళు పగిలేంత ఎండ లేకపోయినా ఉక్కపోత మాత్రం ప్రాణం తోడేస్తోంది. సాయంత్రం డాబా మీద నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరిస్తే గానీ మీ అత్తయ్య రాత్రికి పక్క వెయ్యనివ్వడం లేదు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట మర్చిపోలేదు. "ఇన్సాట్ ఉపగ్రహం తీసిన బొమ్మలు చేతికిచ్చి మూడు నెలల్లో ఓఎల్ఆర్ తీసి చూపించమన్నారు మావయ్యా, నీ పాత ప్రోగ్రాం ఏదైనా ఉంటే పంపించవా" అన్నావు. ఓఎల్ఆర్ అంటే భూమి అంతరిక్షంలోకి వదిలే దీర్ఘతరంగ వేడి (అవుట్‌గోయింగ్ లాంగ్‌వేవ్ రేడియేషన్) అని నీకు తెలిసిందే. ప్రోగ్రాం ఉంది. పంపను. పంపితే ఆ రాత్రికే నడిపేస్తావు, తెల్లారేసరికి ఎరుపూ నీలం కలిసిన చక్కని మ్యాపు వచ్చేస్తుంది, మీ గైడ్ కూడా భేష్ అనేస్తారు. ఈ పనిలో ఉన్న చిక్కే అది. తప్పు లెక్క కూడా అందమైన మ్యాపే ఇస్తుంది. అందుకని ప్రోగ్రాం బదులు ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఉపగ్రహం చేసేదీ మెతుకు పట్టి చూడ్డమే, కాకపోతే ఈ కుండ అంతటా ఒకేలా ఉడకదు. భూమి బయటికి వదిలే వేడి తరంగాల పొడవు లెక్కన సుమారు 4 మైక్రాన్ల నుంచి 100 మైక్రాన్ల దాకా పరుచుకుని ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; ఒక్కో పొడవూ ఒక్కో రంగు అనుకో). నీ ఇన్సాట్ ఇమేజర్ అందులో చూసేది సన్నటి చీలికలు, వాటినే చానెళ్ళంటాం: 10.3 నుంచి 11.3 దాకా ఒకటి, 11.5 నుంచి 12.5 దాకా ఒకటి, నీటి ఆవిరి కోసం 6.5 నుంచి 7.1 దాకా ఇంకొకటి. ఆ వేడి అన్ని దిక్కులకీ పోతుంది, ఉపగ్రహం ఒక్క దిక్కునుంచే చూస్తుంది. రోజంతా పోతూనే ఉంటుంది, బొమ్మ వచ్చేది అరగంటకోసారి. మిగతాదంతా మనం ఎక్కడెక్కడినుంచో అప్పు తెచ్చి పూడ్చుకునేదే. రంగుల్లో ఒక అప్పు, దిక్కుల్లో ఒక అప్పు, గంటల్లో ఒక అప్పు. అప్పు చెయ్యడం తప్పు కాదు, అది లేకుండా ఈ పని జరగదు. ఎవరి దగ్గర ఎంత తెచ్చామో పద్దు రాసుకోకపోవడం తప్పు. నీ నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఆ పద్దుకి వదిలెయ్యి.

కంప్యూటర్ తెరవకముందు ఒక పని చెయ్యి. ఈ రాత్రి మీ హాస్టల్ డాబా ఎక్కి, గచ్చుకి జానెడు ఎత్తున అరచెయ్యి బోర్లా పెట్టి చూడు. వెచ్చగా తగులుతుంది చూశావూ, నువ్వు మూడు నెలలు వెంటబడబోయేది దాన్నే. తర్వాత అదే అరచెయ్యి ఆకాశంకేసి తిప్పు. మబ్బు లేని రాత్రయితే చెయ్యి చల్లబడినట్టుంటుంది. మబ్బు కమ్మిన రాత్రయితే అంత చల్లదనం తెలీదు, మబ్బు పైనుంచి మళ్ళీ కిందికి వేడి కొడుతుంది గనక. అనంతపురం లాంటి పొడి ఊళ్ళలో వేసవిలో కూడా తెల్లవారుజామున కాస్త చల్లబడుతుంది. మేమిక్కడ తెల్లార్లూ విసనకర్ర విసురుకుంటాం. గాలిలో నీటి ఆవిరి తేడా అది. నేల వేడి రెండు ఊళ్ళలోనూ ఒకటే అనుకున్నా, అంతరిక్షంలోకి చేరే వేడి అనంతపురం నుంచే ఎక్కువ. ఈ సంగతి ఒంటికి పట్టించుకుంటే నీకు మున్ముందు రాబోయే సగం తప్పులు రావు.

ఇక పెద్ద పద్దు ఒకటి నోటికి రావాలి. సూర్యుడినుంచి భూమి దగ్గరికి చేరేది చదరపు మీటరుకి 1361 వాట్లు. భూమి గుండ్రంగా ఉంది, సగం ఎప్పుడూ చీకట్లో ఉంటుంది, కాబట్టి నాలుగుతో భాగిస్తే 340. అందులో సుమారు 100 మబ్బులూ మంచూ ఇసకా తిప్పి కొట్టేస్తాయి. మిగిలిన 240 భూమి మింగి, మళ్ళీ దీర్ఘతరంగాలుగా వదలాలి. ఆ 240 వాట్లే ప్రపంచ సగటు ఓఎల్ఆర్. నువ్వు ఏ లెక్క వేసినా, ఏ మ్యాపు గీసినా, కూరలో ఉప్పు చూసినట్టు ముందు ఈ 240 పక్కన పెట్టి చూడు.

నేను చూడలేదు. కొత్తలో నాకు బ్రైట్‌నెస్ టెంపరేచర్ (చానెల్లో పడిన వేడినిబట్టి తేల్చే ఉష్ణోగ్రత) చేతికి రాగానే స్టెఫాన్–బోల్ట్‌జ్‌మన్ సూత్రం గుర్తొచ్చింది, ఎంత ఉష్ణోగ్రతకి ఎంత వేడి బయటికి పోతుందో చెప్పేది. పొడి నేల మీద 300 కెల్విన్ వచ్చింది కదా అని దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తి 5.67 ని పది కోట్లతో భాగించిన స్థిరాంకంతో గుణించి, 459 వాట్లని టేబుల్ నింపుకుని వెళ్ళాను. మా పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితం చూసి, "ఏమయ్యా, మీ భూమికి గాలి లేదా?" అని అడిగారు. అంతే. ఇంకేం తిట్టలేదు. ఆ ఒక్క ప్రశ్న నన్ను నెల రోజులు తిప్పింది.

ఆయన అడిగింది ఏమిటంటే: 10 నుంచి 12 మైక్రాన్ల మధ్యది కిటికీ. అక్కడ గాలి దాదాపు అద్దంలా ఉంటుంది, నేల వేడి సూటిగా కనిపిస్తుంది. కిటికీలోంచి చూసి ఇల్లంతా ఇంతే అనుకోవడం నేను చేసిన తప్పు. 15 మైక్రాన్ల దగ్గర బొగ్గుపులుసు వాయువు తలుపు వేసేసింది, 6, 7 మైక్రాన్ల దగ్గరా 20 దాటాకా నీటి ఆవిరి వేసేసింది, 9.6 దగ్గర ఓజోన్ చిన్న పరదా కట్టింది. ఆ చోట్ల బయటికి వచ్చేది నేల వేడి కాదు, ఎక్కడో కిలోమీటర్ల ఎత్తున చలికి వణికే గాలి వదిలే కొంచెం వేడి. అన్నీ కలిపి చూస్తే మొత్తం ఫ్లక్స్ (చదరపు మీటరునుంచి బయటికి పోయే వేడి) కిటికీ చెప్పినదానికంటే చాలా తక్కువ.

1970లు, 80లలో అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్తలూ, వాళ్ళతో కలిసి పనిచేసినవాళ్ళూ దీనికి ఒక చిట్కా కట్టారు. గ్రూబర్, ఓరింగ్, ఎలింగ్‌సన్ల పేర్లు నీకు ఎలాగూ తగులుతాయి. కిటికీ టెంపరేచర్‌ని టి అనుకో. 1.228 లోంచి 0.001106 రెట్ల టి తీసేసి, మిగిలినదాన్ని టితో గుణించు. వచ్చేది ఫ్లక్స్ టెంపరేచర్. దాన్ని స్టెఫాన్ సూత్రంలో వెయ్యి. చేత్తో వేసి చూడు, కాలిక్యులేటర్ చాలు. టి 300 అయితే ఫ్లక్స్ టెంపరేచర్ 268.9, ఓఎల్ఆర్ 296 వాట్లు. నా 459 ఎక్కడ, ఈ 296 ఎక్కడ! టి 220 అయితే, అంటే ఉరుముల వాన తెచ్చే ఎత్తైన క్యుములోనింబస్ మబ్బు నెత్తి అనుకో, 216.6 వస్తుంది, ఓఎల్ఆర్ 125. ఇక్కడ గమనించాల్సింది ఉంది. వేడి నేల దగ్గర దిద్దుబాటు 31 డిగ్రీలు, చల్లటి మబ్బు దగ్గర మూడున్నర డిగ్రీలే. ఎందుకంటే మబ్బు నెత్తి అంత ఎత్తున ఉంటే దాని పైన అడ్డొచ్చే ఆవిరి దాదాపు లేదు. ఒక చిన్న సమీకరణంలో వాతావరణం అంతా దాక్కుని ఉంది చూడు. నాకైతే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కానీ ఈ చిట్కాకి అనంతపురం, విశాఖ తేడా తెలీదు. రెండు చోట్లా కిటికీ టెంపరేచర్ ఒకటే వస్తే ఒకటే ఓఎల్ఆర్ చెప్పేస్తుంది. అందుకే నీకు నీటి ఆవిరి చానెల్ ఇచ్చారు. 6.5–7.1 దగ్గర కనిపించేది పైమేడలో గాలి ఎంత తడిగా ఉందన్నది. ఇక కిటికీని రెండు ముక్కలు చేసిన చానెళ్ళున్నాయి కదా, 11, 12 మైక్రాన్లవి, ఆ రెంటి మధ్య తేడా కింది గాలి తడినీ, సిర్రస్ అనే పల్చటి ఎత్తు మబ్బు పొరనీ పట్టిస్తుంది. నేను కల్పన-1 బొమ్మలతో పనిచేసే రోజుల్లో ఈ భాగ్యం లేదు. 10.5 నుంచి 12.5 దాకా మొత్తం ఒకే చానెల్, పిక్సెల్ ఎనిమిది కిలోమీటర్లు. మెట్‌శాట్ అనే పేరుతో 2002 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరి, మరుసటేడు కల్పనా చావ్లా పేరు పెట్టుకున్న ఉపగ్రహం అది. నీ ఇన్సాట్-3డీఆర్, 3డీఎస్‌లలో నాలుగు కిలోమీటర్లు. సుఖపడుతున్నావు, ఆ సుఖానికి తగ్గ పని చెయ్యి.

మూడు చానెళ్ళనుంచి ఒక ఓఎల్ఆర్ ఎలా వస్తుందంటావా. వేలకొద్దీ వాతావరణాల్ని కంప్యూటర్లో పోసి, ఒక్కొక్కదానికీ, గాలి పొరల్లోంచి వేడి ఎలా సాగుతుందో లెక్కగట్టే రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ మోడల్ నడిపి, చానెళ్ళ రేడియన్స్ (ఒక దిక్కుకి వచ్చే వేడి) ఒక పక్కా, మొత్తం ఫ్లక్స్ ఇంకో పక్కా రాసుకుని, రెంటికీ రిగ్రెషన్‌తో ముడిపెడతారు, అంటే ఒకదాన్నిబట్టి ఇంకోదాన్ని అంచనా కట్టే సమీకరణం తీస్తారు. ఫ్రాన్స్ వాళ్ళ టిగర్ సంకలనంలో 2311 వాతావరణాలున్నాయి, ప్రపంచమంతటా ఎగరేసిన బెలూన్ల కొలతల్లోంచి ఏరినవి. అలాంటిదేదో నువ్వూ వాడతావు. వాడేముందు ఒకటి అడుగు: ఇందులో మన వాతావరణం ఎంత? మే నెల రాజస్థాన్ మీద లేచే దుమ్ము ఇందులో ఉందా? టిబెట్ లాంటి ఎత్తు నేల ఉందా? జూలైలో బంగాళాఖాతం మీద నీళ్ళోడే గాలి ఉందా? దుమ్ము లేని వాతావరణాలతో నేర్పిన రిగ్రెషన్, దుమ్ము కమ్మిన రోజున చల్లబడ్డ కిటికీని చూసి ఏం చెయ్యాలో తెలీక తడబడుతుంది. తప్పు రిగ్రెషన్‌ది కాదు, దానికి చూపించని పాఠంలోంచి పరీక్ష పెట్టిన మనది. రంగుల అప్పు ఇదే. అప్పిచ్చినవాడు మోడల్. పద్దులో రాసుకో.

పనిలో పనిగా చెప్తున్నాను, మొత్తం ఓఎల్ఆర్‌లో సగానికి దగ్గరగా 15 మైక్రాన్లు దాటిన చోటే ఉంది. ఆ దూరపు భాగాన్ని రంగురంగులుగా విడదీసి అంతరిక్షంనుంచి కొలవడం చాలా కాలం ఎవరూ పెట్టుకోని పని. 2024లో నాసా ప్రిఫైర్ అని రెండు బుల్లి ఉపగ్రహాల్ని న్యూజిలాండ్ నుంచి పంపింది, ధ్రువాల మీద ఆ పని చెయ్యడానికి. అంటే మనం ఇన్నేళ్ళూ సగం కుండ మూత తియ్యకుండానే అన్నం ఉడికిందని చెప్తున్నామన్నమాట. కొంచెం భయం ఉండటం మంచిదే.

దిక్కుల అప్పు గురించి ఎక్కువ చెప్పను, పుస్తకాల్లో బాగానే ఉంటుంది. నెత్తిమీదనుంచి సూటిగా చూస్తే గాలి పొర పల్చగా ఉంటుంది, కింది వేడి బాగా కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే చూపు ఎక్కువ గాలిలోంచి రావాలి, పై చల్లటి పొరలే కనిపిస్తాయి. అందుకే అంచులు మసకేస్తాయి. సూటిగా చూసిన రేడియన్స్‌ని పై (3.14)తో గుణించేస్తే మబ్బులేని చోట అయిదారు శాతం ఎక్కువ చెప్పినట్టే. 50, 55 డిగ్రీల మధ్య చూపులో ఈ ఎక్కువతక్కువలు సరిపోతాయి. 82 డిగ్రీల తూర్పున నిలబడ్డ ఉపగ్రహానికి హైదరాబాదు 21 డిగ్రీల కోణంలోనూ, శ్రీనగర్ 40 డిగ్రీల కోణంలోనూ పడతాయి. అంటే ఒకే టెంపరేచర్ చూపించినా ఆ రెండు ఊళ్ళకీ ఒకే లెక్క పనికిరాదు. కోణం కలపని రిగ్రెషన్ ఎవరైనా ఇస్తే తీసుకోకు. 60 డిగ్రీలు దాటిన అంచుల్ని మ్యాపులోంచి కత్తిరించెయ్యి, నలుగురూ అడిగినా సరే.

గంటల అప్పు దగ్గర మాత్రం కాస్త కూర్చోవాలి, ఎందుకంటే అక్కడ నేను పరువు పోగొట్టుకున్నాను.

థార్ ఎడారి మీద రోజంతా ఓఎల్ఆర్ ఎలా లేచి పడుతుందో గీశాను. అద్భుతమైన వంకర వచ్చింది, గుడి గోపురంలా. శిఖరం ఉదయం ఎనిమిదింటికి. ఎడారి ఇసక తేలిక, తొందరగా వేడెక్కుతుంది అని పేరాడు వివరణ కూడా రాశాను. నలుగురి ముందు బొమ్మ పెట్టాక, వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచి, "సార్, అక్కడ ఎనిమిదింటికి ఇంకా టిఫిన్లు కూడా అయ్యుండవు కదా" అన్నాడు. ఫైల్లో టైము యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. నేను మన గడియారం అనుకున్నాను. అయిదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం ఒంటిగంటన్నర, ఎడారి మండాల్సిన వేళే. లెక్క తప్పయినందుకు కాదు నాకు సిగ్గు. తప్పు లెక్కకి అంత ముచ్చటైన కారణం అల్లగలిగినందుకు. కారణం దొరికింది కదా అని ఏ బొమ్మనీ నమ్మకు.

భూమితోపాటే తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టుండే జియో ఉపగ్రహం కాబట్టి నీకు రోజుకి 48 బొమ్మలొస్తాయి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకి ఆ అదృష్టం లేదు. రోజుకి రెండుసార్లు చూసి మిగతాది ఊహించాలి. నాసా ఉపగ్రహాల్లో టెర్రా పొద్దున్న పదిన్నరకి దాటేది, ఆక్వా మధ్యాహ్నం ఒకటిన్నరకి, వయసు మీద పడ్డాక వాటి వేళలూ జరిగిపోయాయి. పాత ఈఆర్‌బీఈ ప్రయోగం రోజుల్లో ఎడారి మీద పగటి వేళని సగం సైన్ తరంగంగా గీసుకుని సరిపెట్టుకున్నారు. నీకు ఆ బాధ లేదుగానీ వేరే బాధ ఉంది. 48లో ఏవి తప్పిపోయాయో చూడు. రాత్రి బొమ్మలు నాలుగు ఎగిరిపోతే నేల మీద సగటు పైకి లేస్తుంది, మధ్యాహ్నంవి పోతే పడుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టూ ఉపగ్రహమే భూమి నీడలోకి వెళ్తుంది, ఆ అర్ధరాత్రుల్లో బొమ్మలు రాకపోవచ్చు. ఇంకో సంగతి. ఇలా ఒకే భంగిమలో నిలబడి చూసే ఉపగ్రహాలకి స్థానిక అర్ధరాత్రి వేళ సూర్యుడు భూమి అంచునుంచి పరికరం నోట్లోకి తొంగి చూస్తాడు. లోపలి బ్లాక్‌బాడీ (కొలతకి ప్రమాణంగా పెట్టుకున్న నల్లటి వస్తువు) చుట్టూ ఉన్నవి వేడెక్కి, దాన్ని నమ్ముకుని చేసే కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసుకోవడం, పక్కకి జరుగుతుంది. అమెరికా గోస్ ఉపగ్రహాల్లో దీన్ని పట్టుకుని దిద్దాల్సి వచ్చింది. 82 డిగ్రీల దగ్గర అర్ధరాత్రంటే యూటీసీలో 18:30. ఆ వేళకి అటూ ఇటూ బొమ్మల్లో, మబ్బులేని సముద్రం మీద టెంపరేచర్ ఉన్నట్టుండి ఎక్కడైనా గెంతిందేమో చూడు. సముద్రం గంటలో గెంతదు. గెంతితే పరికరమే.

సగటు అన్నాను కదా, దాని వరస కూడా చూసుకో. ముందు టెంపరేచర్లు సగటు చేసి తర్వాత ఓఎల్ఆర్ తియ్యాలా, ముందు ఓఎల్ఆర్ తీసి తర్వాత సగటు చెయ్యాలా? రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. ఇందాకటి చిట్కాతోనే వేసి చూడు. మ్యాపులో ఒక పెట్టె అనుకో, అందులో సగం మబ్బులేని చోటు, 300 కెల్విన్. సగం ఎత్తు మబ్బు, 220. ఒక్కొక్కటీ విడిగా తీస్తే 296, 125, సగటు 210 దాటుతుంది. టెంపరేచర్లు ముందు కలిపితే 260, దానికి ఓఎల్ఆర్ 203. ఎనిమిది వాట్లు గాలికి పోయాయి, ఒక్క లైను అటూ ఇటూ రాసినందుకు.

ఎనిమిది వాట్లేగా అంటావేమో. ఇప్పుడు కేరళలో రుతుపవనాల కోసం అందరూ ఆకాశం చూస్తున్నారు కదా. వాతావరణ శాఖ రుతుపవనం వచ్చిందని చెప్పడానికి పెట్టుకున్న నియమాల్లో ఒకటి నీ ఓఎల్ఆరే. 5 నుంచి 10 డిగ్రీల ఉత్తరం, 70 నుంచి 75 డిగ్రీల తూర్పు, ఆ పెట్టెలో ఇన్సాట్ ఓఎల్ఆర్ 200 వాట్లకి దిగువన ఉండాలి. దాంతోపాటు మే 10 తర్వాత, ఎంపిక చేసిన 14 కేంద్రాల్లో 60 శాతం చోట్ల రెండు రోజులు వరసగా రెండున్నర మిల్లీమీటర్లకి తగ్గకుండా వాన పడాలి, గాలులూ అనుకూలించాలి. 203 అంటే గీతకి పైన, 197 అంటే కింద. ఏ రైతూ నీ రిగ్రెషన్ చూడడు, కానీ దుక్కి ఎప్పుడు దున్నాలో అని టీవీ ముందు కూర్చుంటాడు. ఎనిమిది వాట్లు ఎక్కడ పోయాయో నువ్వు చెప్పగలగాలి.

అయితే ఓఎల్ఆర్ తక్కువ అంటే వానే అనీ అనుకోకు. పత్రికలవాళ్ళు అలాగే రాస్తారు. ఎత్తున పరుచుకున్న సిర్రస్ దుప్పటి చినుకు రాల్చకుండానే ఓఎల్ఆర్‌ని కిందికి లాగేస్తుంది. మన పడమటి కనుమలకి తగిలి, పొట్టి వెచ్చటి మబ్బులోంచి పడే వాన ఓఎల్ఆర్‌లో పెద్దగా కనిపించదు. డిసెంబరులో గంగ మైదానాన్ని కప్పే పొగమంచు సంగతి చెప్పనే అక్కర్లేదు. రైళ్ళు ఆగిపోతాయి, ఓఎల్ఆర్‌కి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు, మంచు పైభాగం వేడి నేల వేడికి దగ్గరే కాబట్టి.

ఇక నీ లెక్క సరిపోల్చుకోవడం. ఇందుకు నాసా వాళ్ళ సీరెస్ ఉంది. అది మనలా చీలికలు చూసేది కాదు, మొత్తం వేడిని ఒక్కసారి మింగి కొలిచే పరికరం. అయినా అందులోనూ అప్పుంది. పాత సీరెస్‌లలో పగటిపూట దీర్ఘతరంగ భాగం నేరుగా రాదు, మొత్తంలోంచి సూర్యకాంతి భాగం తీసెయ్యగా మిగిలేది. సూర్యకాంతి కొలతలో తప్పుంటే అది దీర్ఘతరంగం ఖాతాలోకి జమవుతుంది. అందుకని పగలు, రాత్రి వేరువేరుగా పోల్చు. రోజు సగటుని రోజు సగటుతో పోల్చి బాగుందనుకోకు. అక్కడ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సీరెస్ పాదముద్ర, అంటే ఒక్క చూపులో పట్టే నేల, టెర్రా, ఆక్వాల మీద సూటిగా కింద 20 కిలోమీటర్లు. నీ నాలుగు కిలోమీటర్ల పిక్సెళ్ళని, ఇందాక చెప్పిన వరసలో, దానికి సరిపడా కలుపు. వేళ తేడా పావుగంట దాటనివ్వకు. తర్వాత మొత్తానికి ఒక్క ఆర్ఎంఎస్ అంకె (సగటున ఎంత తప్పిందో) చెప్పి వదిలెయ్యకుండా మబ్బులేని సముద్రం, ఎడారి, ఎత్తు మబ్బు, ముక్కల మబ్బు అని విడగొట్టు. తప్పెక్కడుందో అప్పుడు దానంతట అదే నోరు విప్పుతుంది.

మన సొంత సరుకు కూడా ఉంది, మర్చిపోకు. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్ళిన మేఘ-ట్రాపిక్స్‌లో ఫ్రాన్స్ వాళ్ళ స్కారాబ్ పరికరం సరిగ్గా ఇదే కొలిచేది. ధ్రువాల చుట్టూ కాకుండా 20 డిగ్రీల వాలుతో భూమధ్యరేఖ చుట్టూ తిరిగేది కాబట్టి మన మీదుగా వేరువేరు వేళల్లో దాటేది. రోజు గోపురం ఆకారాన్ని సరిచూసుకోవడానికి అంతకంటే మంచి సాక్షి దొరకదు. 2023 మార్చి 7న దాన్ని కావాలనే పసిఫిక్ మీద దించేశారు. డేటా మిగిలింది.

ఈ పనికి ఆదిపురుషుడు అమెరికా శాస్త్రవేత్త వెర్నర్ సుయోమి. 1959 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్-7 ఉపగ్రహం మీద ఆయన పెట్టించింది పెద్ద యంత్రమేం కాదు, నల్లరంగు, తెల్లరంగు పూసిన చిన్న అర్ధగోళాలు, వాటి వేడి చెప్పే చిన్న పరికరాలు. నల్లది ఎండనీ భూమి వేడినీ రెంటినీ మింగుతుంది, తెల్లది ఎండని తిప్పికొట్టి భూమి వేడినే తీసుకుంటుంది. రెంటి తేడాలోంచి లెక్క. అలాంటి కొలతలు కూడాకే, భూమి తిప్పికొట్టే కాంతి అంతకుముందు అనుకున్న 35, 40 శాతం కాదు, 30కి దగ్గరని తేలింది. తర్వాత 1984లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక నుంచి, ఇదే పనికి చేసిన ఉపగ్రహం ఈఆర్‌బీఎస్‌ని వదలబోతే దాని సౌర పలక విచ్చుకోలేదట. వ్యోమగామి శాలీ రైడ్ నౌక యంత్రపు చేత్తో దాన్ని పట్టి ఊపి, ఎండకేసి తిప్పి పెడితే తెరుచుకుంది. రెండేళ్ళు పనిచేస్తే చాలనుకున్నది 21 ఏళ్ళు చేసింది. నీ ప్రోగ్రాం నడవనప్పుడు ఈ కథ గుర్తు చేసుకుని కాస్త ఊపి చూడు.

ఒక్క విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. భూమి వేడెక్కుతోందా అన్న పెద్ద ప్రశ్నకి జవాబు ఇన్సాట్ ఓఎల్ఆర్‌లోంచి తీస్తానని బయల్దేరకు. లోపలికొచ్చేదానికీ బయటికి పోయేదానికీ తేడా ఒక వాటుకి అటూ ఇటూ ఉంటుంది. 240లో ఒక్క శాతం తప్పినా 2.4 వాట్లు. సీరెస్ వాళ్ళే తమ లెక్క తేల్చడానికి సముద్రంలో తేలే ఆర్గో బోయాల దగ్గర అప్పు చేశారు: సముద్రాలు ఎంత వేడి దాచుకున్నాయో చూసి, 0.71 వాట్లకి తమ ఖాతా సర్దుకున్నారు. అంత పెద్దవాళ్ళకే తప్పలేదు. నీ పని వాన మబ్బు, రోజు గోపురం, రుతుపవనం. అది చాలు, అది తక్కువేం కాదు.

కరెంటు పోయేలా ఉంది, ముగిస్తాను. ఇది చేసి పంపు నాకు: ఆ కేరళ పెట్టె మధ్యలో, ఏడున్నర ఉత్తరం, డెబ్భై రెండున్నర తూర్పు దగ్గర ఒక్క పిక్సెల్ తీసుకో. ఈ వారంలో ఒక రోజు 48 బొమ్మలనుంచీ మూడు చానెళ్ళ టెంపరేచర్లు గీయి. ఓఎల్ఆర్ ఇప్పుడే వద్దు. కింద టైము రెండు గడియారాల్లోనూ రాయి, యూటీసీ, మనదీ. రాని బొమ్మల చోట గీత కలపకు, ఖాళీ వదిలెయ్యి. ఆ కాగితం చూశాక పాత ప్రోగ్రాం పంపాలో వద్దో ఆలోచిస్తాను.

మీ అత్తయ్య ఈ ఏడు ఆవకాయ కొత్తపల్లి కొబ్బరితో పెట్టింది. చిన్న జాడీ మీ అమ్మకి ఇచ్చి పంపుతోంది, మూడో రోజు కలిపాకే వెయ్యమని మరీ మరీ చెప్పమంది. ఆ కేరళ పెట్టెలో ఆదివారం నీకు టెంపరేచర్ ఎంత వచ్చిందో మాత్రం ఫోన్ చేసి చెప్పు, డాబా మీద పడుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మావయ్య